పక్క మెషీన్ దగ్గర నేర్చుకునే పని: వర్క్‌షాపు శిక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ బాలానగర్ ప్రాంతంలో ఒక మెషీన్ షాపులో టర్నర్‌గా, అంటే లేత్ అనే యంత్రం మీద తిరిగే లోహపు ముక్కను కోసి ఆకారం తెచ్చే పనివాడిగా చేరి, సూపర్‌వైజర్‌నై, ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు పని నేర్పించే బాధ్యత చూస్తున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ అవే సందేహాలు వస్తాయి. అప్రెంటిస్‌లు అడుగుతారు, వాళ్ల తల్లిదండ్రులు అడుగుతారు, నేర్పాల్సిన సీనియర్లు అడుగుతారు, చిన్న షెడ్ల యజమానులూ అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఉదాహరణలు నాకు తెలిసిన లేత్ పని నుంచి తీసుకున్నాను. వెల్డింగ్, వైరింగ్, ప్యాకింగ్ లాంటి పనుల్లో ఉన్నవారు వాటిని తమ పనికి తగ్గట్టు మార్చుకోగలరు.

## చేరే ముందు

ఐటీఐలో రెండేళ్లు చదివాను కదా, మళ్లీ అప్రెంటిస్‌గా ఎందుకు చేరాలి?

ఐటీఐలో ఒక లేత్ చుట్టూ పదిమంది నిలబడతారు. ఒక జాబ్‌కు (కోసి తయారుచేయాల్సిన ముక్కకు) మూడు రోజులు పట్టినా ఫర్వాలేదు. ఫ్యాక్టరీలో అదే స్టెప్ టర్నింగ్‌ను (కడ్డీని మెట్లు మెట్లుగా కోయడం) రోజంతా, పీసు తర్వాత పీసు, డ్రాయింగులో ఇచ్చిన టాలరెన్సు (కొలతలో అనుమతించిన తేడా) దాటకుండా చేయాలి. పదిహేనో పీసు దగ్గర టూల్ మొన అరుగుతోందని శబ్దాన్ని బట్టి పసిగట్టాలి. ముప్ఫయ్యో పీసు తప్పిపోకముందే ఆపాలి. ఇది పాఠంగా చెప్పగలిగేది కాదు, ఆ పని చేస్తున్న మనిషి పక్కన నిలబడితే పట్టుబడుతుంది. టర్నర్, ఫిట్టర్, మెషీనిస్టు లాంటి రెండేళ్ల ట్రేడు పూర్తిచేసినవారికి అప్రెంటిస్‌షిప్ సాధారణంగా ఒక ఏడాది ఉంటుంది. ఆ ఏడాదిని నేను చదువులో చివరి తరగతి అనే అంటాను.

అప్రెంటిస్ అంటే కార్మికుడా, విద్యార్థా?

1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం శిక్షణ పొందే వ్యక్తి, కార్మికుడు కాదు. అలాగని రక్షణ లేకుండా పోలేదు. ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయంలో ఫ్యాక్టరీ కార్మికులకు ఉన్న చట్ట నిబంధనలే అప్రెంటిస్‌కూ వర్తిస్తాయి. శిక్షణలో గాయమైతే నష్టపరిహారం ఇచ్చే బాధ్యత యజమానిదే. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ శిక్షణను చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. పని ఎక్కువగా ఉందని మిమ్మల్ని రోజూ రాత్రి పొద్దుపోయేదాకా ఉంచేస్తుంటే ఆ విషయం అడిగే హక్కు మీకుంది. మర్యాదగా, కానీ స్పష్టంగా అడగండి.

స్టైపెండ్ ఎంత రావాలి?

2019లో సవరించిన నిబంధనలు నెలకు ఇచ్చే భత్యం కనీస మొత్తాన్ని చదువును బట్టి ఇలా నిర్ణయించాయి: అయిదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవారికి 5,000 రూపాయలు, పదో తరగతికి 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. శిక్షణ రెండో ఏడాదికి సాగితే 10 శాతం పెరుగుతుంది. ఇవి కనీస మొత్తాలే, సంస్థ ఎక్కువ ఇవ్వవచ్చు. ఒప్పందంపై సంతకం చేసే రోజున అమల్లో ఉన్న మొత్తాన్ని ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోండి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి.

మా షెడ్డులో పన్నెండు మందిమే ఉన్నాం. మేము అప్రెంటిస్‌ను తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్న సంస్థలకు అది ఐచ్ఛికం. ముప్ఫై మంది, అంతకు మించి ఉన్న సంస్థలు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. ఆ లెక్కలో కాంట్రాక్టు సిబ్బందీ వస్తారు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. నా అనుభవంలో చిన్న షెడ్లలో నేర్చుకున్న పిల్లలకు పని త్వరగా వస్తుంది. అక్కడ యజమానే మెషీన్ మీద నిలబడతారు, ప్రతి జాబ్ కొత్తదే ఉంటుంది.

మా అమ్మాయిని చేర్పించే ముందు కంపెనీలో ఏం చూడాలి?

"ఎవరు నేర్పుతారు?" అని అడగండి. ఒక మనిషి పేరు చెబితే మంచిది. "అందరూ నేర్పుతారమ్మా" అంటే ఎవరూ నేర్పరని అర్థం చేసుకోండి. ఏ నెలలో ఏ మెషీన్ మీద పెడతారో రాసిన కాగితం ఉందేమో చూడండి. వీలైతే పని జరిగే చోటికి వెళ్లి, ఇప్పటికే ఉన్న అప్రెంటిస్‌ల చేతుల్లో కొలత పరికరం ఉందో, చీపురు ఉందో గమనించండి. ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది ఉన్నాయో లేదో మొహమాటపడకుండా అడగండి. ఒప్పందం నమోదవుతుందా అన్నది చివరగా తేల్చుకోండి. పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ ఒప్పందంపై సంతకం చేయాల్సింది మీరే.

## మొదటి రోజులు

వారం రోజులైనా మెషీన్ ముట్టుకోనివ్వలేదు. నేర్పడమంటే ఇదేనా?

మొదటి వారం చూడటానికే. అయితే ఊరికే నిలబడి చూస్తే ఏమీ రాదు. చేరిన రోజే నేను ఒక పని అప్పగిస్తాను: సీనియర్ చక్ కీని (జాబ్‌ను పట్టి తిప్పే చక్‌ను బిగించే చెవి) రోజులో ఎన్నిసార్లు తీశారు, తీసిన ప్రతిసారీ ఎక్కడ పెట్టారు, రాసుకురమ్మంటాను. మూడో రోజుకు వాళ్లకే తెలిసిపోతుంది, చక్‌లో కీ వదిలేసి చెయ్యి తీయడమన్నది ఆయన ఒక్కసారి కూడా చేయలేదని. అలా వదిలేసి మెషీన్ ఆన్ చేస్తే ఆ కీ తూటాలా ఎగిరి వస్తుంది. ఈ ఒక్క అలవాటు ఒంటబట్టకుండా ఎవరినీ మెషీన్ మీద పెట్టను. కానీ నెల దాటినా చూస్తూనే ఉండమంటే అది శిక్షణ కాదు, సూపర్‌వైజర్‌ను అడగండి.

చేతి తొడుగులు వేసుకుంటేనే కదా భద్రత. లేత్ దగ్గర ఎందుకు వద్దంటారు?

తిరుగుతున్న జాబ్ తొడుగు అంచును పట్టుకుంటే చెయ్యిని కూడా లాక్కుపోతుంది. వదులు చొక్కా చేతులు, ఉంగరం, కంకణం, మెడలో గొలుసు, చున్నీ, విరబోసుకున్న జుట్టు అన్నింటిదీ ఇదే ప్రమాదం. మెషీన్ ఆపి, పదునైన అంచులున్న పీసులను మోసేటప్పుడు తొడుగులు వేసుకోండి. చిప్స్ (కోతలో వచ్చే లోహపు పొట్టు) తీయడానికి హుక్ వాడండి, చెయ్యి పెట్టకండి. కళ్లద్దాలు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఒకే పీసును నేను కొలిస్తే ఒకటి, అన్న కొలిస్తే ఇంకొకటి వస్తోంది. తప్పు ఎవరిది?

ఇది కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ఇద్దరి చేతులనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన విషయమిది.

మొదట మైక్రోమీటర్ (అతి చిన్న తేడాలను కొలిచే పరికరం) మూసి సున్నా దగ్గరే ఆగుతోందో లేదో చూడండి. ఆన్విల్ (పీసు ఆనే చివర) మీద నూనె పొరో, సన్నటి బర్రో (కోత అంచున మిగిలిన లోహపు ముల్లు) ఉంటే అక్కడే తేడా మొదలవుతుంది. తర్వాత బిగింపు. కొత్తవాళ్లు థింబుల్‌ను (తిప్పే గొట్టాన్ని) పట్టుకుని సీసా మూత బిగించినట్టు బిగిస్తారు. అన్న రాచెట్‌ను (చివర ఉండే చిన్న పిడిని) రెండు వేళ్లతో తిప్పుతారు, టిక్ టిక్‌మని మూడుసార్లు వినగానే ఆపుతారు. ఆ మూడు చప్పుళ్లే అందరి చేతుల బలాన్నీ ఒకటి చేస్తాయి. పరికరం జాబ్‌కు అడ్డంగా సరిగ్గా నిలిచిందా, కొంచెం వంగిందా అన్నది మూడోది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేడా వస్తే పీసును ముట్టుకుని చూడండి. వేడిగా ఉందా? ఉక్కు మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల పీసు చల్లగా ఉన్నప్పటికంటే 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.024 మిల్లీమీటర్ల తేడా. మీరు అప్పుడే కోసిన పీసును కొలిచారు, అన్న టీ తాగి వచ్చి కొలిచారు. ఇద్దరి కొలతా నిజమే, కానీ డ్రాయింగు అడిగేది చల్లారిన పీసు కొలతను. సీనియర్లకు నా మనవి ఒక్కటే: "నీకు కొలవడం రాదు" అనకండి. ఇద్దరూ కలిసి అయిదు పీసులు కొలిచి, అంకెలు పక్కపక్కన రాయండి.

టూల్స్ పేర్లు కొందరు ఇంగ్లీషులో, కొందరు హిందీలో చెబుతున్నారు. ఏమీ అర్థం కావడం లేదు.

బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో తెలుగువాళ్లతో పాటు బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ పనిచేస్తారు. ఒకే వస్తువుకు మూడు పేర్లుంటాయి. పేరు అర్థం కానప్పుడు తల ఊపి వెళ్లి ఏదో ఒకటి తేవడం ప్రమాదం. వస్తువు చూపించమని అడగండి. మా దగ్గర టూల్ బోర్డు మీద ప్రతి వస్తువు వెనక దాని ఆకారం గీసి, కింద అక్కడ పలికే పేర్లన్నీ తెలుగులోనూ హిందీలోనూ రాశాం. ఒక మధ్యాహ్నం పని అది. ఆ తర్వాత అడగడానికి ఎవరూ సిగ్గుపడలేదు.

నోట్‌బుక్ రాయాలా? ఫోనులో వీడియో తీసుకుంటే సరిపోదా?

వీడియోకు ముందుగా అనుమతి కావాలి. కస్టమర్ ఇచ్చిన డ్రాయింగులు, జాబ్‌లు బయటికి వెళ్లకూడదు. అనుమతి ఉంటే సెట్టింగు జరిగే రెండు మూడు నిమిషాలు తీయండి, మెషీన్ నడుస్తున్నప్పుడు ఫోను జేబులోనే ఉండాలి. నోట్‌బుక్ మాత్రం తప్పనిసరి. రోజుకు మూడు వాక్యాలు చాలు: ఏ జాబ్ చేశాను, ఎక్కడ తప్పింది, ఎవరు ఏం చెప్పారు. చిన్న లెక్కలూ రాసుకోండి. 40 మిల్లీమీటర్ల వ్యాసమున్న మైల్డ్ స్టీల్ కడ్డీని హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోయాలంటే సుమారు 240 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కావాలి. డయా (వ్యాసం) 20కి తగ్గితే అదే వేగానికి 480 కావాలి. ఇలాంటిది సొంత చేతిరాతలో ఒకసారి లెక్కవేస్తే మరిచిపోరు.

## నేర్పే సీనియర్లకు

నాకు పని వచ్చు గానీ నేర్పడం రాదు. ఎలా మొదలుపెట్టాలి?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియనివాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు, నేర్పడానికి నాలుగు అంచెల పద్ధతి ఒకటి తయారుచేశారు. నేర్చుకునేవారిని సిద్ధం చేయడం, చేసి చూపడం, వాళ్లతో చేయించడం, తర్వాత గమనిస్తూ ఉండటం. ఇప్పటికీ ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

నాలుగు జాల (జాబ్‌ను పట్టుకునే దవడల) చక్‌లో జాబ్‌ను సెంటర్ చేయడం నేర్పాలనుకోండి. మొదట ఇదివరకు చేశావా అని అడగండి, డ్రాయింగు చూపి ఈ జాబ్ ఎందుకు సెంటర్‌లో ఉండాలో చెప్పండి. తర్వాత మీరు చేసి చూపండి: జాబ్‌ను మెల్లగా తిప్పుతూ సుద్దముక్కను దగ్గరికి తెస్తే, ఎత్తుగా ఉన్న వైపు గీత పడుతుంది. మెషీన్ ఆపి, గీతకు ఎదురుగా ఉన్న జాను కొంచెం వదులు చేసి, గీత ఉన్న వైపు జాను బిగించాలి. ఒకసారి మాట్లాడకుండా చేయండి, రెండోసారి ఒక్కో అడుగునూ చెబుతూ చేయండి, మూడోసారి ఎందుకో చెబుతూ చేయండి. ఆ తర్వాత అతనితో చేయించండి, చేస్తూ పైకి చెప్పమనండి.

ఇక్కడే అందరం పొరపాటు చేస్తాం. అతను కాస్త తడబడగానే "జరుగు, నేను చేస్తా" అని కీ లాక్కుంటాం. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. ప్రమాదం కనిపిస్తే తప్ప ముట్టుకోకండి. సుద్ద గీత జాబ్ చుట్టూ సమానంగా పడేదాకా ఆగండి. మొదటిసారి ఇరవై నిమిషాలు పడుతుంది, పడనివ్వండి.

పనంతా నేర్పేస్తే రేపు నా ఉద్యోగానికే ముప్పు రాదా?

ఈ భయాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. అది ఉత్తి అనుమానమేమీ కాదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు పనిచేసిన ఒక షెడ్డులో, కష్టమైన థ్రెడ్ కటింగ్ (మరలు కోయడం) తెలిసిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయన దగ్గర ఇద్దరు నేర్చుకున్నారు. ఏడాది తిరక్కుండానే, జీతం ఎక్కువని ఆయనను పంపించేశారు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పలేదు. ఎవరైనా దగ్గరికి వస్తే టూల్ గ్రైండింగ్ చేసేటప్పుడు వీపు తిప్పేవారు.

కాబట్టి ముందు యజమానులకు చెబుతున్నాను. గుట్టు విప్పమని సీనియర్‌ను అడిగే ముందు, నేర్పినందువల్ల ఆయనకు నష్టం రాదని రాతపూర్వకంగా చెప్పండి. నేర్పేవారికి నెలకు కొంత భత్యం ఇవ్వండి, చిన్నదైనా సరే. హోదా ఇవ్వండి. పదోన్నతికి ఎంతమందికి నేర్పారన్నది లెక్కలోకి తీసుకోండి.

సీనియర్లకు చెప్పేది ఇది: మీకు మాత్రమే వచ్చిన పని మిమ్మల్ని ఆ మెషీన్‌కే కట్టేస్తుంది. ఇంట్లో పెళ్లయినా సెలవు దొరకదు, కొత్త మెషీన్ వస్తే దాని మీదికి మిమ్మల్ని మార్చరు. నేర్పడం మొదలుపెట్టాకే నేను కిందిస్థాయి నుంచి సూపర్‌వైజర్‌నయ్యాను. అయినా హామీ లేనిచోట తొందరపడి నేర్పమని నేను చెప్పను. హామీ అడగండి.

నేర్పుతూ కూర్చుంటే నా టార్గెట్ ఎవరు పూర్తి చేస్తారు?

ఎవరూ పూర్తి చేయరు. అందుకే టార్గెట్ తగ్గించాలి. సీనియర్ పక్కన కొత్తవారిని పెట్టి, పాత టార్గెట్‌నే అడిగితే ఆయన చేసేది ఒక్కటే: కుర్రవాడిని పీసులు తుడవడానికి కూర్చోబెట్టి తన పని తాను చేసుకుంటారు. ఆయన స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు. మేము మొదటి నెల ఆ మెషీన్ టార్గెట్‌ను నాలుగో వంతు తగ్గిస్తాం. రెండో నెల పదో వంతు తగ్గిస్తాం. ఇన్సెంటివ్ మాత్రం పూర్తి టార్గెట్ చేసినట్టే లెక్కగడతాం. ప్రొడక్షన్ మేనేజర్‌తో ఈ మాట ముందే తేల్చుకుని, నోటీసు బోర్డు మీద పెట్టండి. నోటిమాటగా ఉంటే నెలాఖరున ఎవరికీ గుర్తుండదు.

ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు చేస్తున్నాడు. ఏం చేయాలి?

చెప్పడం ఆపి, చూడండి. ఒక కుర్రవాడు బోరింగ్‌లో (రంధ్రాన్ని లోపల కోసి పెద్దది చేయడంలో) ప్రతిసారీ సైజు దాటించేవాడు. నిర్లక్ష్యమనుకుని అందరం తిట్టాం. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే, హ్యాండిల్ వెనక్కి తిప్పి మళ్లీ అదే గీత దగ్గరికి తెచ్చేటప్పుడు స్క్రూలోని ఆటను (మరల మధ్య ఉండే ఖాళీని) లెక్కలోకి తీసుకోవడం లేదని తెలిసింది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, మాకందరికీ చేతికి అలవాటైపోయి చెప్పాలని కూడా తోచలేదు. కొంచెం ఎక్కువ వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి గీత దగ్గర ఆపమన్నాను. ఆ రోజే సరిపోయింది. అదే తప్పు మళ్లీ మళ్లీ వస్తోందంటే మనం చెప్పడం మరిచిన అడుగు ఒకటి అక్కడ ఉంటుంది.

మా మేస్త్రి మమ్మల్ని కొట్టి నేర్పాడు. ఇప్పటి పిల్లలను ఒక్క మాట కూడా అనకూడదా?

ప్రమాదం ముందు గట్టిగా అరవండి, తప్పులేదు. పీసు పాడైనందుకు నలుగురిలో తిడితే మాత్రం తర్వాతి పాడైన పీసును మీకు చూపించరు, స్క్రాప్ డబ్బాలో అడుగున దాచేస్తారు. అది కస్టమర్ దగ్గర బయటపడుతుంది. చెయ్యి చేసుకోవడం అన్నది ఏ కారణానికీ ఒప్పుకోదగినది కాదు. మనం దెబ్బలు తిని నేర్చుకున్నాం, నిజమే. మనతో చేరి, దెబ్బలకు భయపడి మానేసినవాళ్లు ఎంతమందో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

## శిక్షణ నడుస్తున్నప్పుడు

మాతో ఊడ్పిస్తున్నారు, టీ తెప్పిస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

మీ మెషీన్‌ను, మీ చుట్టూ ఉన్న నేలను శుభ్రం చేయడం పనిలో భాగమే, సీనియర్లూ చేస్తారు. రోజంతా అదే అయితే శిక్షణ కాదు. రెండు వారాల పాటు ఏ రోజు ఏ పని ఎంతసేపు చేశారో తేదీలతో రాసి, ముందు శిక్షణ చూసే అధికారికి ఇవ్వండి. మార్పు రాకపోతే పోర్టల్ ద్వారా గానీ, నేరుగా గానీ అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తేదీలతో రాసిన కాగితానికి ఉన్న బలం నోటిమాటకు ఉండదు.

ఒక షిఫ్టులో అన్న ఒకలా, ఇంకో షిఫ్టులో అన్న ఇంకోలా చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

మెషీన్ మీద ఎవరుంటే ఆ పూట వారి మాట వినండి. కానీ తేడాను నోట్‌బుక్‌లో రాసుకుని, షిఫ్టు మారే పది నిమిషాల్లో ఇద్దరూ ఉన్నప్పుడు అడగండి: "అన్నా, రఫ్ కట్‌కు మీరు రెండు మిల్లీమీటర్లు ఇవ్వమన్నారు, ఆయన ఒకటిన్నర అన్నారు. ఎందుకు?" తగవు పెట్టడానికి వచ్చినట్టు కాకుండా, తెలుసుకోవాలని అడిగితే ఎవరూ కోప్పడరు. చాలాసార్లు ఇద్దరిదీ సరైనదే అవుతుంది. ఒకరు పాత మెషీన్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతారు, ఇంకొకరు కొత్తదాన్ని. భద్రత విషయంలో మాత్రం రెండు పద్ధతులు ఉండకూడదు. అలా ఉంటే సూపర్‌వైజర్ అదే రోజు తేల్చాలి.

అప్రెంటిస్‌లు ఒకరికొకరు చెప్పుకుంటే తప్పులు కూడా అంటుకోవా?

అంటుకుంటాయి. అయినా ఒకరికొకరు చెప్పుకోనివ్వాలి. సీనియర్‌ను అడగడానికి జంకే ప్రశ్నను పక్కవాడిని అడుగుతారు. నిన్ననే నేర్చుకున్నవాడికి ఎక్కడ తికమకపడ్డాడో ఇంకా గుర్తుంటుంది, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనకు అది గుర్తుండదు.

తప్పులు పాకకుండా ఉండటానికి మా దగ్గర ఒక బల్ల ఉంది. ఆ వారం తప్పిన పీసులన్నీ దాని మీద ఉంటాయి. పేర్లు ఉండవు. శనివారం ఉదయం పదిహేను నిమిషాలు అందరం దాని చుట్టూ నిలబడతాం. ఒక అప్రెంటిస్ పీసు తీసుకుని, కొలిచి, ఎక్కడ తప్పిందో చెబుతాడు. ఇంకొకరు ఎందుకు తప్పి ఉంటుందో ఊహిస్తారు. సీనియర్లు చివరిదాకా నోరు విప్పకూడదన్నది నియమం. ఒక వారం మూడు షాఫ్టులు ఒక చివర సన్నగా, ఒక చివర లావుగా వచ్చాయి. ఒక పిల్లవాడు టూల్ అరిగిందన్నాడు, ఇంకొకడు కొలత తప్పన్నాడు. అప్పటిదాకా ఎప్పుడూ మాట్లాడని ఒకమ్మాయి మూడు పీసులనూ ఒకే దిశలో పేర్చి చూసి, "మూడూ టెయిల్‌స్టాక్ వైపే లావుగా ఉన్నాయి సార్, టెయిల్‌స్టాక్ పక్కకు జరిగి ఉంటుంది" అంది. టెయిల్‌స్టాక్ అంటే జాబ్ రెండో చివరను ఆపి ఉంచే భాగం. డయల్ గేజ్ పెట్టి చూశాం, నిజంగానే జరిగింది. ఆ మెషీన్ మీద అంతకుముందు రోజు పనిచేసింది ఒక సీనియర్. ఆయనే ముందుకు వచ్చి, "నేను టేపర్ (ఒక చివరకు సన్నబడే ఆకారం) కోసం జరిపి మళ్లీ సరిచేయలేదు" అన్నారు. ఆయన ఆ మాట అన్నాక పిల్లలు తమ తప్పులను దాచడం బాగా తగ్గించారు.

మా సంస్థలో శిక్షణ అంటే హాలు, ప్రొజెక్టర్, భోజనం. దానివల్ల ఉపయోగం లేదా?

ఉంది, దాని చోట అది ఉండాలి. డ్రాయింగు చదవడం, టాలరెన్సు గుర్తులు, ప్రోగ్రామింగ్ లాంటివి కూర్చుని నేర్చుకోవాల్సినవే. బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట చదివి వచ్చినవాళ్ల నుంచి నేనూ చాలా నేర్చుకున్నాను. అయితే హాలులో చెప్పినదాన్ని అదే వారం మెషీన్ మీద చేయించకపోతే మిగిలేది సంతకాల పట్టిక మాత్రమే. ఒక గంట పాఠానికి కనీసం మూడు గంటల చేతిపని ముందే కేటాయించాకే హాలు బుక్ చేయండి.

సీఎన్‌సీ వచ్చాక చేత్తో నేర్చుకునేది ఏముంది?

సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషీన్. అది తానే కోస్తుంది గానీ, తప్పు అంకె ఇస్తే అంతే కచ్చితంగా తప్పుగా కోస్తుంది. కొన్ని కంట్రోళ్లలో పది అని రాసి చుక్క పెట్టకపోతే పది మిల్లీమీటర్లను పది మైక్రాన్లుగా తీసుకుంటుంది. ఆఫ్‌సెట్‌లో (టూల్ స్థానాన్ని సరిచేసే అంకెలో) ప్లస్ బదులు మైనస్ కొడితే టూల్ వెళ్లి చక్‌ను గుద్దుతుంది. అందుకే కొత్త ప్రోగ్రామ్‌ను సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో వరస చొప్పున), ఫీడ్ (టూల్ కదిలే వేగం) తగ్గించి, ఆపే బటన్ మీద వేలు ఉంచి నడపడం సీనియర్ పక్కనే నిలబడి నేర్పాలి. మా దగ్గర సీఎన్‌సీ మీదికి వెళ్లే ప్రతి ఒక్కరూ ముందు మూడు నెలలు మామూలు లేత్ మీద చేస్తారు. కోత శబ్దం, చిప్ రంగు తెలిసిన చెవి, కన్ను ఆ గాజు తలుపు ఇవతలి నుంచి కూడా పనిచేస్తాయి.

అమ్మాయిలకు నేర్పడానికి సీనియర్లు వెనకాడుతున్నారు. ఎలా ఒప్పించాలి?

చాలామందిది వ్యతిరేకత కాదు, బెరుకు. చెయ్యి పట్టుకుని చూపించే పద్ధతికి అలవాటుపడినవాళ్లకు, ముట్టుకోకుండా ఎలా నేర్పాలో తెలియదు. మాటలతో, పక్క మెషీన్ మీద చేసి చూపుతూ నేర్పమనండి. నిజానికి అబ్బాయిలకూ అదే మంచి పద్ధతి. ఇద్దరమ్మాయిలను ఒకే షిఫ్టులో వేయండి, ఒక్కరినే వేయకండి. బరువు ఎత్తలేరన్న మాట వస్తే హాయిస్టు పెట్టండి. నడుం నొప్పితో బాధపడే యాభై ఏళ్ల సీనియర్ కూడా దాన్ని వాడుకుంటారు.

## పని వచ్చిందో లేదో చూడటం

పని వచ్చిందని ఎప్పుడు అనుకోవాలి?

మేము నాలుగు భాగాల వృత్తం గీస్తాం. చూసి అర్థం చేసుకుంటే ఒక భాగం నింపుతాం. సీనియర్ పక్కనుండగా చేస్తే రెండు. ఎవరూ లేకుండా టాలరెన్సులో, సమయానికి చేస్తే మూడు. ఇంకొకరికి నేర్పగలిగితే నాలుగు. మూడో భాగం నింపడానికి వరసగా పది మంచి పీసులు అడుగుతాను. అందులో మొదటి పీసును తానే కొలిచి, తానే సంతకం చేసి ఇవ్వాలి. పీసు మంచిదా కాదా అని ఇంకొకరిని అడిగేంతవరకు మూడో భాగం ఖాళీగానే ఉంటుంది.

పేర్లతో ఆ పట్టిక గోడ మీద పెడితే అవమానంగా ఉండదా?

మార్కుల జాబితాలా పెడితే ఉంటుంది. పట్టికలో సీనియర్ల పేర్లూ ఉండాలి, సూపర్‌వైజర్ పేరూ ఉండాలి. వైర్‌కట్ (తీగతో లోహాన్ని కోసే) మెషీన్ ఎదురుగా నా పేరు దగ్గర ఒకే భాగం నిండి ఉంటుంది, అందరూ చూస్తారు. మందలించడానికి దాన్ని ఎప్పుడూ వాడకండి. సెలవులో ఎవరి బదులు ఎవరు నిలబడగలరో చూసుకోవడానికి, ఎవరికి తర్వాత ఏం నేర్పాలో నిర్ణయించడానికి మాత్రమే వాడండి.

నేను ఐటీఐ చదవలేదు, షెడ్డులోనే పదేళ్లు నేర్చుకున్నాను. నాకు సర్టిఫికెట్ వస్తుందా?

వచ్చే దారి ఉంది. ఇదివరకే వచ్చిన పనిని పరీక్షించి గుర్తింపునిచ్చే విధానం దేశంలో అమల్లో ఉంది. విజయవాడ ఆటోనగర్ లాంటిచోట ఇంజను విప్పి బిగించడం చిన్నప్పుడే నేర్చుకున్న ఎంతోమంది మెకానిక్‌ల దగ్గర ఒక్క కాగితం కూడా ఉండదు. మీ జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి, మీ పనికి దగ్గరి విభాగంలో పరీక్ష ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో అడగండి. చేత్తో చేసి చూపేది మీకు తేలికే. కొలతల గుర్తులు, భద్రతా నియమాల మీద అడిగే ప్రశ్నలకు రెండు వారాలు కూర్చుని సిద్ధమవ్వండి. మీ దగ్గర పని నేర్చుకుంటున్న ఐటీఐ కుర్రవాడినే నేర్పమనండి.

## శిక్షణ ముగిశాక

ఏడాది పూర్తయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిందేనా?

చట్టప్రకారం తప్పనిసరి కాదు. శిక్షణ ముగించినవారిని తీసుకునే విషయంలో ప్రతి సంస్థా తన విధానాన్ని రూపొందించుకోవాలని 2014 సవరణ చెబుతోంది. చేరేటప్పుడే ఆ విధానం ఏమిటో అడగండి. పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి, శిక్షణ ముగిశాక ఊరికి వెళ్లిపోయి పరీక్ష వదిలేసే పిల్లలను చూస్తే నాకు చాలా బాధ. లాలాగూడ, రాయనపాడు లాంటి రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవారికి రైల్వే లెవెల్ 1 (మొదటి స్థాయి ఉద్యోగాల) నియామకాల్లో 20 శాతం ఖాళీలు కేటాయిస్తారు.

ముప్ఫై ఏళ్ల అనుభవమున్న సీనియర్ వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆయనకు తెలిసినదంతా ఎలా నిలుపుకోవాలి?

ఆఖరి నెలలో ఒక రిజిస్టరు ఇచ్చి "అన్నీ రాయండి" అనకండి. ఆయన నాలుగు పేజీలు రాస్తారు, అందులో అందరికీ తెలిసినవే ఉంటాయి. తనకు తెలుసని తనకే గుర్తులేనిది పేజీ మీదికి రాదు. కనీసం ఆరు నెలల ముందు ఒక తెలివైన జూనియర్‌ను ఆయన పక్కన వేయండి. ఆ జూనియర్ పని, ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా అడగడం: ఇప్పుడు ఎందుకు ఆపారు? చిప్‌ను ఎందుకు చూశారు? ఆ జాను ఒక్కదాన్నే ఎందుకు మళ్లీ బిగించారు?

కిందటి సంవత్సరం మా దగ్గర ఒకాయన విషయంలో ఇలాగే చేశాం. పలుచటి బుష్‌లు (గొట్టం లాంటి చిన్న భాగాలు) ఆయన చేస్తేనే గుండ్రంగా వచ్చేవి, మిగతావాళ్లు చేస్తే చక్ నుంచి తీయగానే మూడు మూలలు తేలేవి. ఎలా అని అడిగితే "మెల్లగా చేయాలి అంతే" అనేవారు. పక్కన కూర్చున్న కుర్రవాడు మూడో రోజు గమనించాడు: చివరి కోతకు ముందు ఆయన చక్‌ను కొంచెం వదులు చేసి, మళ్లీ సగం బిగింపుతో పట్టిస్తున్నారు. అడిగితే ఆయన తన చేతుల వైపే ఆశ్చర్యంగా చూసుకున్నారు. "అవును, అలాగే చేస్తాను కదా" అన్నారు. ఇప్పుడు ఆ కుర్రవాడు ఆ బుష్‌లు చేస్తున్నాడు. అతని పక్కన ఈ జూన్‌లో చేరిన అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని నిలబడుతోంది.